కాళ్ళ దగ్గర చోటు

“ఈ సున్నా ఏమిటి?” అన్నాడు భర్త.

ఆమె పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులున్నాయి, చేతిలో నీళ్ళు కారుతున్న ఆయన యూనిఫారం చొక్కా ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు రాసే పరిచర్య రిజిస్టరును ఒక పేజీ దగ్గర వేలు పెట్టి పట్టుకున్నాడు. సంఘ పెద్దల్లో ఒకడు కాబట్టి నెలకోసారి దాన్ని చూసి సంతకం పెట్టడం ఆయన పని. జీతం ఇచ్చే పని బస్సు డిపోలో. టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి కదిలిందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మనిషి. గడి ఖాళీగా కనిపిస్తే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఇక్కడ ఉన్నది ఖాళీ కూడా కాదు, గుండ్రంగా, నిండుగా ఒక సున్నా.

క్లిప్పులు తీసి చొక్కాకు పెట్టేదాకా ఆమెకు జవాబు చెప్పడం కుదరలేదు.

“ఎవరికీ ప్రార్థన చెయ్యలేదండీ. అందుకని సున్నా వేశాను.”

“మరి ఈ పక్కనేమిటి? గోళ్ళు తీసినవి, పదకొండు మందికి. ఇలాంటి గడే లేదు ఇందులో. నువ్వే గీత గీసి పెట్టావు.”

“పదకొండు మందికి తీశాను కదా.”

“ఆసుపత్రి పరిచర్య అని పేరు పెట్టుకుని, నెలంతా వెళ్ళి, ఒక్కరికీ ప్రార్థన చెయ్యలేదని సంఘ పెద్ద భార్యే రాసిస్తే రేపు కమిటీలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

ఆమె తడి చేతులు తుడుచుకుంది. అబద్ధం రాయాలన్న ఆలోచన ఆమెకు నిజంగానే తట్టలేదు. మిగతా వాళ్ళు వార్డు గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి ఒక ప్రార్థన చేసి, లోపలున్న ముప్పై మందినీ గడిలో వేసుకుంటారని ఆమెకు తెలుసు. వాళ్ళను తప్పు పట్టాలనీ లేదు. తనకు మాత్రం ముప్పై అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళూ ఆమె లెక్క కూడా సమాజం కార్యదర్శే రాసేసేది, రిజిస్టరు ఆమె చేతికి రావడం ఈ నెలే మొదలు.

“వచ్చే గురువారం నుంచి వద్దులే,” అన్నాడాయన రిజిస్టరు మూస్తూ. కోపంగా అనలేదు. రద్దయిన బస్సు సంగతి చెప్పినట్టు చెప్పాడు. “అమ్మకు కూడా ఒంట్లో బాగుండటం లేదు. ఇంట్లో ఉండు.”

ఒంట్లో బాగుండని అత్తగారు ముందుగదిలో చెల్లెలితో ఫోన్లో ముప్పావుగంటగా మాట్లాడుతోంది. ఆవిడ నవ్వు పెరట్లోకి వినిపిస్తోంది. ఆమె ఇంకో చొక్కా దులిపి తీగ మీద వేసింది. వేళ్ళు మామూలుగానే పనిచేస్తున్నాయి గానీ, గుండెల్లో ఎవరో దీపం తీసేసినట్టయింది. తనకున్నవే రెండు గంటలు. గురువారం రెండు నుంచి నాలుగు దాకా. అవి పోతే వారంలో తనదని చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ఆ రెండు గంటలు ఎలా వచ్చాయో చెప్పాలి. ఎనిమిది నెలల కింద స్త్రీల సమాజం వాళ్ళంతా ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళారు. రొట్టె ప్యాకెట్లు, పళ్ళు పట్టుకెళ్ళారు. సంచులు ఆమె మోసింది. ఎవరూ ఇవ్వకుండానే సంచులు ఆమె చేతికి వచ్చేస్తాయి, చర్చిలో గాయకబృందం అంగీలకు ఊడిన గుండీలు, ప్రభువు బల్లలో ద్రాక్షరసం పంచాక కడగాల్సిన చిట్టి గ్లాసులూ వచ్చినట్టే. సమాజం కార్యదర్శి, తక్కిన ఆడవాళ్ళు ఒక్కో మంచానికీ తల వైపు నిలబడి, రోగి నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ ముందుకు సాగుతున్నారు. తల వైపు చోటు చాలక ఆమె సంచులతో కాళ్ళ వైపు నిలబడింది.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలమ్మ ఉంది. తుంటి విరిగి నాలుగు నెలలుగా అక్కడే ఉందట. తీసుకెళ్ళేవాళ్ళు లేరు. ఒకప్పుడు కోర్టు గదులు ఊడ్చేది. ఇప్పుడు వార్డులో కూర ఉప్పగా ఉన్నా, ఫ్యాను నెమ్మదిగా తిరిగినా ఆవిడ తీర్పు చెప్పాల్సిందే కాబట్టి నర్సులు జడ్జిగారని పేరు పెట్టారు. కార్యదర్శి కళ్ళు మూసుకుని గొంతెత్తగానే జడ్జిగారు ఒక కన్ను తెరిచి కాళ్ళ వైపు చూసింది.

“ఇదిగో, సంచుల పిల్లా. ప్రార్థన తర్వాత చేద్దువు గాని, ముందు ఈ గోళ్ళు తియ్యి. దుప్పటికి తగులుకుని ప్రాణం పోతోంది.”

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. గోళ్ళు పసుపుపచ్చగా, మందంగా, వేళ్ళ చివర దాటి కిందికి వంగిపోయి ఉన్నాయి. బొటనవేలి గోరు పక్క వేలిని ఒరుసుకుని అక్కడ చిన్న పుండు పడింది. నాలుగు నెలలుగా డాక్టర్లు వస్తున్నారు, తుంటి చూసి వెళ్తున్నారు. ప్రార్థన చేసేవాళ్ళు వస్తున్నారు, నుదురు చూసి వెళ్తున్నారు. ఈ దుప్పటి ఎవరూ ఎత్తినట్టు లేదు. ఆమె సంచీలో గుండీలు కుట్టేటప్పుడు దారం తెంపే చిన్న కత్తెర ఉంది. దానితో రెండు గోళ్ళు తీసేసరికి కత్తెర మొరాయించింది. “గురువారం వస్తాను, సరైన కత్తెర తెస్తాను,” అంది. గురువారమే ఎందుకు అందో ఆమెకే తెలియదు. ఎవరినీ అడక్కుండా తనకు తానుగా ఒక రోజును ఖాయం చేసుకోవడం బహుశా అదే మొదటిసారి.

తర్వాత వార్డు నర్సు ఆమెకు పని నేర్పింది. ముందు గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు వేసి కాళ్ళు కాసేపు నానబెట్టాలి. మూలలు లోపలికి కోయకూడదు, అడ్డంగా తిన్నగా తీయాలి. ఒకరికి వాడిన కత్తెర స్పిరిటుతో తుడవకుండా ఇంకొకరికి వాడకూడదు. “షుగరున్నవాళ్ళ కాళ్ళు మాత్రం నన్నడక్కుండా ముట్టుకోకమ్మా,” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఒక ప్లాస్టిక్ బేసిను, ఒక ఎత్తుపీట, రెండు తువ్వాళ్ళు ఆమెవని వార్డులో ఒక మూల పెట్టించింది. తనదంటూ ఒక ఎత్తుపీట ఉండటం ఆమెకు ఎంత గర్వంగా అనిపించిందంటే, ఇంటికి వెళ్ళే దారంతా దాన్నే తలుచుకుంది.

సంతోషం అనే మాట ఆమె చర్చిలో వారం వారం విన్నదే. పాటల్లో ఉంటుంది, ప్రసంగాల్లో ఉంటుంది. అది తనకు కలగకపోతే తప్పు తనదేనని, విశ్వాసం చాలక కాబోలు అని చాలా ఏళ్ళు అనుకుంది. అది చివరికి మూడో గురువారం దొరికింది. ఎవరో పేరు తెలియని ఆవిడ పాదాన్ని తువ్వాలుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుని, మడమ మీద పగుళ్ళకు కాస్త నూనె రాస్తోంది. ఆవిడ “హాయిగా ఉంది తల్లీ” అని కళ్ళు మూసుకుంది. అంతే. పీట మీద కూర్చున్న ఆమెకు ఒళ్ళంతా ఒక వెచ్చదనం పాకింది. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చిన్నప్పటి నుంచీ వింటోంది. కడుగుతున్నప్పుడు ఆయనకు కూడా ఇలా ఉండి ఉంటుందా అని మొదటిసారి అనిపించింది. ఆయన అప్పుడు చిరునవ్వు నవ్వి ఉంటాడని ఆమెకు గట్టిగా తోచింది. ఆ రోజు నుంచి ప్రభువు తలుపు అవతల పెద్దల మధ్య కూర్చున్న మనిషిలా కాకుండా, పక్కనే ఇంకో పీట వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. ఆమె లోపల్లోపల ఆయనతో మాట్లాడుతూ గోళ్ళు తీసేది. పైకి ఒక్క మాటా అనేది కాదు. దాన్ని ప్రార్థన అంటారో లేదో తెలియక రిజిస్టరులో సున్నా వేసింది.

ఇంట్లో చేసేదీ ఇలాంటి పనే కదా, మరి అక్కడ తేలికగా ఉన్నది ఇక్కడెందుకు బరువవుతోందని అంట్లు తోముతూ చాలాసార్లు ఆలోచించింది. అత్తగారి గోళ్ళు శనివారం శనివారం తనే తీస్తుంది. భర్త డిపో నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని కాలు చాపితే మేజోళ్ళు లాగేదీ తనే. లాగుతున్నంతసేపూ ఆయన ఆమె వైపు చూడడు, పేపరు చూస్తాడు. అత్తగారు గోళ్ళు తీయించుకుంటూ తీసే చేతి మీదే వంకలు పెడుతుంది. “మెల్లిగా, నువ్వేమైనా కొమ్మలు నరుకుతున్నావా?” అంటుంది. గురువారం సంగతి తెలిసినప్పుడైతే ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. “ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకున్న చేతుల్తో మాకు వడ్డిస్తావా? మా ఇంటా వంటా లేదమ్మా ఈ చోద్యం,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కుడికాలు కోడలి ఒళ్ళోనే ఉంది. ఆసుపత్రిలో ఎవరూ పంపకుండా తనంత తానుగా వెళ్ళి ఇస్తోంది. ఇక్కడ ఇస్తున్నట్టు కూడా ఎవరికీ కనిపించడం లేదు. ఇంతవరకూ ఆలోచించేసరికి అంట్లు అయిపోయేవి, తర్వాతి పని మొదలయ్యేది.

పైకి ప్రార్థన చెయ్యకపోవడానికి వేరే కథ ఉంది. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మామగారు, అప్పటికి ఆయన బతికే ఉన్నారు, “ఇవాళ కోడలమ్మ చేస్తుంది,” అన్నారు. ఆ వారమంతా ముసురు. ఆ మధ్యాహ్నం ఒక్క రెండు గంటలు ఎండ కాస్తే ఇంటిల్లిపాది బట్టలూ ఆరాయి. ఇరవై రెండేళ్ళ పిల్లకు ఆ పూట దేవుడితో చెప్పాలనిపించింది అదే. “ప్రభువా, ఇవాళ బట్టలు ఆరినందుకు నీకు స్తోత్రం,” అంది. అత్తగారు ఫక్కున నవ్వింది. భర్త నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. అందరూ లేచాక ఆయన పక్కకు పిలిచి, “దేవుడి దగ్గర బట్టలారేసుకునే సంగతులు చెప్పకూడదు. కొన్నాళ్ళు ఊరికే విను. వింటే వస్తుంది,” అన్నాడు నెమ్మదిగా. ఆమె విన్నది. పందొమ్మిదేళ్ళు విన్నది. కూతురు పుట్టింది, పెరిగింది, చదువుకోసం హాస్టలుకు వెళ్ళింది. చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆయన లేచి “నా తరఫున, నా ఇంటివారి తరఫున” అని మొదలుపెడతాడు. ఆమె తల వంచుకుని కూర్చుంటుంది. ఇంటివారంటే తనే.

జడ్జిగారు మాత్రం మొదటి రోజు అన్న మాట మర్చిపోలేదు. గోళ్ళు తీయడం అయిపోగానే, “మరి ప్రార్థన?” అనేది.

“నాకు రాదండీ. మా ఆయన బాగా చేస్తారు, ఒకసారి తీసుకొస్తాను.”

“మీ ఆయన గోళ్ళు తీస్తాడా?”

“తియ్యరు.”

“అయితే వద్దులే,” అని ఆవిడ తీర్పు చెప్పి అటు తిరిగి పడుకునేది.

అయితే ఆయన ప్రార్థన నిజంగానే బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చర్చి గుమ్మం దగ్గర చెక్క డబ్బా ఒకటి ఉంటుంది. కష్టం ఉన్నవాళ్ళు పేరు రాయకుండా చీటీ రాసి అందులో వేస్తారు. నెలలో మొదటి ఆదివారం ఆయన డబ్బా తెరిచి ఒక్కో చీటీ చదివి దాని కోసం ప్రార్థన చేస్తాడు. తాగుబోతు మొగుళ్ళు, మోకాళ్ళ నొప్పులు, తప్పిన పరీక్షలు, కుదరని సంబంధాలు. ఒక్కో చీటీ దగ్గర ఆయన గొంతు మెత్తబడుతుంది, అక్కడక్కడ వణుకుతుంది కూడా. ఎవరో తెలియని మనిషి బాధను రెండు చేతుల్తో ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. ఆ గొంతు విన్నప్పుడల్లా ఆమెకు ఆయన మీద ప్రేమ కలుగుతుంది, ఆ వెంటనే అసూయా కలుగుతుంది. ఆ గొంతు ఆయనతో పాటు ఇంటిదాకా వస్తుంది గానీ, గుమ్మం దగ్గర చెప్పులతో పాటు బయటే ఆగిపోతుంది.

రిజిస్టరు గొడవ జరిగిన మర్నాడే మొదటి ఆదివారం. బల్ల మీద గ్లాసులు సర్దాలి కాబట్టి ఆమె అందరికంటే ముందు చర్చికి వెళ్ళింది. వెనక గదిలో చిట్టి గ్లాసులు ఒక్కొక్కటే తుడిచి పళ్ళెంలో పెడుతుంటే, ఈ గురువారం జడ్జిగారు ఎదురు చూస్తుంది కదా అని గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకుందామంటే ఎవరున్నారు? కూతురికి చెబితే “నాన్నతో గట్టిగా మాట్లాడమ్మా” అంటుంది, అది సులువైన పని అయినట్టు. కార్యదర్శికి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. గ్లాసుల కింద పరిచిన కాగితం చివర చింపి, గదిలో దొరికిన పెన్సిలుతో రాసింది. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాక్యాలు ఎన్నాళ్ళ నుంచో లోపల తయారుగా ఉన్నాయి. మడిచి డబ్బాలో వేసి, మళ్ళీ వచ్చి మిగతా గ్లాసులు తుడిచింది.

ఆరాధనలో ఆమె ఎప్పటిలాగే అత్తగారి పక్కన కూర్చుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చీటీలు చదువుతున్నాడు. నాలుగోది విప్పాడు. చిరిగిన అంచు చూడగానే అది తనదేనని ఆమెకు తెలిసింది.

“‘చాలా ఏళ్ళ తర్వాత నాకు ఒక సంతోషం దొరికింది,’” అని చదివాడాయన. “‘దేవుడు నా చేతికి ఇచ్చాడని నమ్ముతున్నాను. ఇంట్లో వద్దంటున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు నేను కనిపించడం లేదు. ఆ సంతోషం పోకుండా నా కోసం ప్రార్థన చెయ్యండి.’”

చీటీ పట్టుకుని ఆయన కాసేపు ఆగాడు. గుర్తుపట్టాడనుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె వేసిన సున్నాను నిన్న అంతసేపు పరీక్షగా చూసిన మనిషి, ఇవాళ ఆమె దస్తూరిని గుర్తుపట్టలేదు.

“ప్రభువా, ఈ సహోదరి ఎవరో మాకు తెలియదు. నీకు తెలుసు,” అని మొదలుపెట్టాడు. ఆ మెత్తటి గొంతు. “తన ఇంట్లోనే కనిపించకుండా బతుకుతున్న బిడ్డను నువ్వు చూస్తున్నావు. ఎన్నాళ్ళుగా ఒంటరిగా ఏడ్చిందో ఈ తల్లి. ఆమెకు నువ్విచ్చిన సంతోషాన్ని ఎవరూ తీసెయ్యకుండా కాపాడు. ఆమె భర్త ఎవరైనా సరే, అతని మనసు మెత్తబరచు. అతని కళ్ళు తెరువు తండ్రీ.” సంఘమంతా ఆమెన్ అంది. అత్తగారు అందరికంటే ఒక మెట్టు పైకే అంది. కళ్ళొత్తుకుని కోడలి వైపు వంగి, “పాపం, ఎవరి పిల్లో,” అని గొణిగింది.

ఆమె ఏడ్చింది. నవ్వూ వచ్చింది. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేని స్థితిలో తల వంచుకుని కూర్చుంది. ఆయన తన కోసం, తన ఒక్కదాని కోసం, ఇంత బాగా అడిగాడు. తనని అనుకోకుండా అడిగాడు. ఇది దేవుడి వేళాకోళమే అయి ఉంటుందని, ఆయన ఇంకో పీట మీద కూర్చుని నవ్వుతుంటాడని ఆమెకు అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు ఆ చీటీని వదల్లేదు.

“ఎవరై ఉంటారంటావురా? ఆ టీచరమ్మా?”

“ఆవిడ మొగుడు ఆవిడ గీసిన గీత దాటడమ్మా,” అన్నాడాయన. “ఎవరైనా సరే, మొదట ఆ భర్త ఎవరో కనుక్కోవాలి. కూర్చోబెట్టి మాట్లాడాలి. ఒక మనిషికి సంతోషం దొరకడమే గగనమైపోయిన రోజులివి. దొరికినదాన్ని వద్దనడానికి వాడెవడు? కొంచెం కూర వెయ్యి.”

ఆమె కూర వేసింది. గరిటె గిన్నెలో పెట్టింది. గిన్నె మీద మూత పెట్టింది.

“ఆ చీటీ నాదండీ,” అంది.

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అత్తగారు కొడుకు మొహమూ కోడలి మొహమూ మార్చి మార్చి చూసింది.

“నీదా?” అన్నాడు చివరికి. “ఏం సంతోషం?”

“గురువారం.”

ఆయన మొహంలో ముందు అనుమానం, తర్వాత అవమానం, ఆ తర్వాత ఆమెకు పేరు తెలియని ఇంకేదో ఒకదాని వెనక ఒకటి కదిలాయి. “అక్కడే చెప్పొచ్చుగా. అంతమంది ముందు నేను...” అని ఆగాడు.

“మీరు అంత బాగా చేస్తుంటే మధ్యలో ఎలా ఆపను? ఇన్నేళ్ళలో నా ఒక్కదాని కోసం మీరు చేసిన ప్రార్థన అదొక్కటే.”

అత్తగారు మెల్లిగా, “నేను కూడా ఆమెన్ అన్నానే,” అంది.

“అన్నారత్తయ్యా. గట్టిగానే అన్నారు.”

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ లాగి కూర్చుంది. వాళ్ళిద్దరూ తింటుండగా కూర్చోవడం ఆ ఇంట్లో అలవాటు లేని పని. తనకూ ఒక పళ్ళెం పెట్టుకుంది.

“నేను గురువారం వెళ్తానండీ. అడగడం లేదు, చెబుతున్నాను. మీకు ఆ పూట డ్యూటీ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అత్తయ్యకు టీ ఫ్లాస్కులో పోసి పెడతాను.”

ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. కోపమని ఆమె మొదట అనుకుంది. రెండో రోజు నుంచి అది సిగ్గేమోనన్న అనుమానం వచ్చింది. బుధవారం సాయంత్రం కుర్చీలో కూర్చుని కాలు చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, మేజోళ్ళు తనే లాక్కున్నాడు. ఒకటి తిరగబడి వచ్చింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక కుర్చీ చేతి మీద వేలాడదీశాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. ముందైతే లేచి వెళ్ళి సరిచేసేది.

గురువారం మధ్యాహ్నం ఆమె బయలుదేరబోతుంటే భోజనాల బల్ల మీద రిజిస్టరు కనిపించింది. తెరిచి చూసింది. సంతకం ఉంది. సున్నా సున్నాలాగే ఉంది, దిద్దలేదు. ఆమె చేత్తో గీసిన వంకర గీతను మాత్రం చెరిపేసి, అక్కడ స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. పేజీ చివరిదాకా గీశాడు. పేజీ తిప్పింది. తర్వాతి పేజీలోనూ ఆ గీత ఉంది, దాని పైన ఆయన పొందికైన దస్తూరిలో ‘గోళ్ళు’ అని ఉంది. ఆమె ఆ పేజీని చేత్తో ఒకసారి నిమిరింది. ఒక గడి గీసినంత మాత్రాన పందొమ్మిదేళ్ళు తీరిపోవని ఆమెకు తెలుసు. అయినా బాగుంది, బాగోలేదని ఎందుకనాలి. రిజిస్టరు మూసి, కత్తెర, నూనె సీసా, ఉతికిన తువ్వాళ్ళు సంచీలో పెట్టుకుంది.

“ఎన్నింటికొస్తావు?” అని అడిగింది అత్తగారు గదిలోంచి.

“పనయ్యాక వస్తానత్తయ్యా.”

వార్డులో జడ్జిగారు కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. నాలుగు రోజులుగా జ్వరమట, తగ్గుముఖం పట్టిందట, నర్సు చెప్పింది. ఆమె పీట వేసుకుని నీళ్ళు పెట్టుకుని దుప్పటి ఎత్తింది. కాళ్ళు సన్నబడ్డాయి. పుండు ఎప్పుడో మానిపోయి అక్కడ గులాబి రంగు మచ్చ మిగిలింది. గోళ్ళు పెద్దగా పెరగలేదు. అయినా కాళ్ళు కడిగి, తుడిచి, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా సరిచేసి, నూనె రాసింది. జడ్జిగారు ఫ్యాను గురించి కూడా ఏమీ అనలేదు. అంతా అయ్యాక కళ్ళు తెరవకుండానే, “మరి ప్రార్థన?” అంది. ఈసారి గొంతులో తీర్పు లేదు. నిజంగా అడిగింది.

నాకు రాదండీ అనబోయింది. ఆ మాట నాలుక మీద దాకా వచ్చింది. ఎనిమిది నెలలుగా అంటున్న మాట, పందొమ్మిదేళ్ళుగా లోపల మోస్తున్న మాట. ఆమె దాన్ని మింగేసింది. తల వైపు చోటు ఖాళీగానే ఉంది, వెళ్ళాలనిపించలేదు. కూర్చున్నచోటే, ఆ రెండు పాదాలూ ఒళ్ళోనే ఉంచుకుని, వాటి మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకుంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇవాళ పొద్దున్న జరిగిందే గుర్తొచ్చింది.

“ప్రభువా,” అంది పైకి. గొంతు తనది కానట్టు, కొంచెం బొంగురుగా వచ్చింది. “ఇవాళ మంచి ఎండ కాసింది. బట్టలు ఆరినందుకు నీకు స్తోత్రం.”

ఆగింది. ఎవరైనా నవ్వుతారని ఎదురుచూసింది. వార్డులో ఎవరో దగ్గారు. బండి చక్రాలు కిర్రుమన్నాయి. ఎవరూ నవ్వలేదు.

“ఎవరి బట్టలు?” అంది జడ్జిగారు.

“మా ఇంట్లోవే.”

ముసలమ్మ కళ్ళు మూసుకునే, తల దిండు మీద సర్దుకుని, పాదాలను ఆమె అరచేతుల్లోకి ఇంకాస్త ఆనించింది.

“బాగుంది,” అంది. “ఇంకా చెప్పు.”